గోరు మేస్త్రి

"...అంతేగానీ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రతిసారీ నా సీలు మీద పడతారేంటి?"

"నీ సీలు మీద కాక పక్కింటివాళ్ళ సీలు మీద పడనా? కారింది అదేగా!"

"అదే పెట్టెలోవి ఊరంతా పట్టుకెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు."

"తిరిగి రావాలంటే వాళ్ళ బండి కదలాలిగా, ఓనరమ్మా!"

షెడ్డు గోడకున్న చిన్న కిటికీ దగ్గర ఈ మాటలు నడుస్తుంటే, జాకీ మీద లేచి ఉన్న తన వ్యాను పక్కన పాలబండి డ్రైవరు ఒదిగి నిలబడ్డాడు. కిటికీకి ఇవతల మేస్త్రి షెడ్డు. అవతల ఆయన భార్య నడిపే విడిభాగాల కొట్టు. బేరింగులు, బోల్టులు, టీ గ్లాసులు, పోట్లాటలు అన్నీ ఆ కిటికీలోంచే అటూ ఇటూ వెళ్తాయి. పెళ్ళయిన కొత్తలో ఆ గోడకి కన్నం పెట్టించింది ఆయనే. సామాన్ల కోసమని అందరికీ చెప్పాడు.

వ్యాను వెనక చక్రాల మధ్యనుండే గేర్ల డబ్బా, డిఫరెన్షియల్ నుంచి ఎడమ చక్రం వైపు ఆయిలు కారుతోంది. ఆ కారడం ఆపే రబ్బరు వలయం, అదే సీలు, మార్చి వారం తిరక్కుండానే మళ్ళీ ఆయిలు డ్రమ్ములోకి దిగి బ్రేకు లైనింగుల్ని తడిపేసింది.

"పొద్దున బ్రేకు తొక్కితే బండి పక్కకి లాగేసింది మేస్త్రీ," అన్నాడు డ్రైవరు. "ఎదురుగా గోడ. ఆ గోడే జాలిపడి తప్పుకుందనుకోండి."

మేస్త్రి నవ్వబోయి మానేశాడు. గోడ బదులు మనిషి ఉంటే?

ఆయన్ని అందరూ గోరు మేస్త్రి అంటారు. కుడి బొటనవేలి గోరు కాస్త పెంచి, అంచు గుండ్రంగా అరగదీసి ఉంచుకుంటాడు. చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు బయటికి తీయగానే సీలు ఆనుకునే చోట ఆ గోటిని అడ్డంగా లాగి చూస్తాడు. ఏళ్ళ తరబడి సీలు లోపలంచు, ఆ రబ్బరు పెదవి, ఒరుసుకుని అక్కడ ఉక్కులోనే గాడి పడుతుంది. ఆ గాడిలోనే కొత్త సీలు కూర్చుంటే మళ్ళీ కారుతుంది. గాడి ఎంత సన్ననిదైనా ఆయన గోరు అక్కడ ఆగేది. కొలతల పరికరాలు చూపించి ఎవరైనా గొప్పలు పోతే, "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అనేవాడు.

"రబ్బరు ఇనుముని అరగదీస్తుందా మేస్త్రీ?" అని కొత్తవాళ్ళు నోరు తెరిస్తే, "పెళ్ళి చేసుకో, తెలుస్తుంది," అనేవాడు.

"ఎవరు ఇనుమో, ఎవరు రబ్బరో అది కూడా చెప్పండి!" అని కిటికీ అవతలి నుంచి వినబడేది.

ఆదివారాల్లో ఆయన గోళ్ళు తీసేది ఆమే. ఆయన తొమ్మిది వేళ్ళు చాపి పదోదాన్ని పిడికిట్లో దాచుకునేవాడు. అది ఇంటిది కాదట, షెడ్డుదట.

కొంతకాలంగా ఆ పదో వేలే ముందు మొద్దుబారి, మెల్లగా చెయ్యంతా తిమ్మిరెక్కింది. షుగరుతో అలా అవుతుందని డాక్టరు చెప్పాడు. మందులు భార్య ఎదుటే మింగుతున్నాడు. వేలి సంగతి మాత్రం మాటల్లోకి రాకుండా మింగాడు. కిందటిసారి ఈ షాఫ్టు మీద గోరు లాగితే ఎక్కడా ఆగలేదు. నున్నగా ఉందనుకుని సీలు వేసేశాడు. ఇవాళ మళ్ళీ లాగాడు. ఆగలేదు. షాఫ్టు నున్నగా ఉందో, వేలే మొద్దుగా ఉందో తేల్చుకోలేకపోయాడు. డిఫరెన్షియల్ పైన గాలి పోయే గొట్టం పూడుకుని, లోపలి గాలి ఆయిల్ని బయటికి నెడుతోందేమోనని విప్పి ఊదాడు. గాలి హాయిగా పోయింది. ఇక తప్పు మోపడానికి సీలు తప్ప ఏం మిగల్లేదు.

కిటికీలోంచి రెండు టీ గ్లాసులు వచ్చాయి. ఆమె చెయ్యి కాలకుండా కొంగు అడ్డం పెట్టుకుని అందించింది. డ్రైవరు తన గ్లాసుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నాడు. మేస్త్రి మాత్రం గ్లాసుని నడుం దగ్గర నిబ్బరంగా పట్టుకుని షాఫ్టుకేసి చూస్తున్నాడు.

"ఏమండీ, గ్లాసు కాలట్లేదా?"

"ఏం, చల్లగానే ఉందిగా."

ఆమె కొట్టు తలుపు దగ్గరగా వేసి, చుట్టూ తిరిగి షెడ్డులోకి వచ్చింది. పాతగుడ్డతో షాఫ్టు తుడిచి తన బొటనవేలి గోటిని దాని మీద లాగింది. మళ్ళీ లాగింది. గోరు ఒక చోట టిక్కుమని ఆగింది. ఆమె బల్ల మీది సుద్దముక్క తీసుకుని అక్కడ రుద్ది, పైపైన తుడిచింది. ఉక్కు చుట్టూ వెంట్రుకంత తెల్లటి ఉంగరం మిగిలింది.

మేస్త్రి ఆ ఉంగరం మీద తన గోరు లాగాడు. ఆగలేదు.

"ఎప్పటి నుంచండీ?"

"వానాకాలం ముందు నుంచి."

"నాతో చెప్తే మీ గోరు ఊడిపోతుందా?"

"పేరు ఊడిపోతుందనుకున్నా."

డ్రైవరు టీలోకి తల దూర్చాడు.

ఆమె కొట్లోంచి మూడు సీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటిది కారినదానికి తోబుట్టువు. రెండోది వేడికి ఓర్చుకునే గోధుమరంగు రబ్బరుది.

"ఇది ఖరీదైంది, ఇదే వేసెయ్యండి," అన్నాడు డ్రైవరు.

"పట్టుచీర కట్టుకుని అదే గుంటలో పడ్డట్టుంటుంది," అంది ఆమె.

మేస్త్రి మూడోదాన్ని అందుకున్నాడు. చుట్టుకొలతా, లోపలి కన్నమూ మొదటిదాని లాంటివే. పెదవి మాత్రం బియ్యపుగింజంత లోపలికి ఉంది. దాన్ని షాఫ్టుకి తొడిగి చూశాడు. పెదవి తెల్ల ఉంగరాన్ని వదిలేసి, కొత్త ఉక్కు మీద ఆనింది.

"ఇదీ," అన్నాడు.

"నా కొట్లోదేగా?" అంది ఆమె.

"నీ కొట్లోదే. మద్దెల మంచిదే."

పెదవికి గ్రీజు రాసి, చెక్కముక్క ఆనించి, చుట్టూ సమంగా తట్టి సీలు దింపాడు. కొత్త లైనింగులు వేసి చక్రం ఎక్కించాడు. డ్రైవరు ఊరంతా తిరిగి సాయంత్రానికి వచ్చాడు. డ్రమ్ము విప్పితే లోపల పొడిగా ఉంది.

"పనిలో పని, కుడివైపుది కూడా చూసేయండి మేస్త్రీ."

మేస్త్రి కుడి షాఫ్టు లాగాడు. శుభ్రంగా తుడిచి, గోరు ఆనించకుండానే కిటికీలోంచి అవతలికి అందించాడు.

"ఓనరమ్మా, ఇక నుంచి షాఫ్టులన్నీ నువ్వే చూస్తావు. ఆదివారం ఆ బొటనవేలి గోరు మాత్రం తీసుకోకు."