టప్ దగ్గర ఆగే పాట

ముందే చెప్తున్నాను, ఇది ఇతిహాసం. ఇందులో ఒక మహాయుద్ధం ఉంది, ఒక మౌనవ్రతం ఉంది, వారధి దాటి వెళ్ళిన దండయాత్ర ఉంది, ఒక తరం పాటు దాగిన రహస్యం ఉంది.

కొంచెం దగ్గరికొచ్చి చూస్తే, యుద్ధం జరిగింది మా ముందు గదిలో. మౌనవ్రతం మా అమ్మది. వారధి అంటే దబీర్‌పురా ఫ్లైఓవర్. దండయాత్రకు వెళ్ళిన సైన్యం నేనూ, మా బాపూ, వెనక బ్రేకు పట్టని ఒక స్కూటరూ. రహస్యం మాత్రం ఉంది. అదీ ఒక పాట గురించి. సగం పాట గురించి.

మాది మాదన్నపేట. బాపు బస్ డిపోలో మెకానిక్, అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను పక్కన కిటికీలో ఒక పాత టేప్‌రికార్డర్, అందులో నాకంటే వయసులో పెద్దదైన ఒక క్యాసెట్. ఆ క్యాసెట్ గురించి మా ఇంట్లో స్థలపురాణం లాంటిది ఒకటుంది. పెళ్ళిచూపుల్లో బాపు మాట్లాడింది ఒకే ఒక్క మాట, "మంచినీళ్ళు". పిల్లకు పాటలంటే ఇష్టమని మాత్రం చెవిన పడింది. దాంతో రికార్డింగ్ షాపుకు వెళ్ళి, పాటల పేర్లు చీటీ మీద రాసిచ్చి, ఒక క్యాసెట్ నింపించి, మా మేనమామ చేత పంపించాడు. అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్ళట. ఏ పాటలు కావాలో రాసిస్తే షాపువాడు వరసగా ఎక్కించి ఇచ్చేవాడు.

క్యాసెట్ రెండు వైపులా భక్తి పాటలే. అమ్మ వాళ్ళ నాన్న, మా తాత, విని తల ఊపాడు. అమ్మ విని నిట్టూర్చింది. మనిషి మంచివాడే కానీ పూజారిలా ఉన్నాడే అనుకుందట. అన్ని హారతులూ అయిపోయాక, రెండో వైపు చిట్టచివర, ఎవరూ వినరనుకునే చోట, ఉన్నట్టుండి ఒక ఆడగొంతు. హార్మోనియం, డోలక్, ఉర్దూలో ప్రేమపాట. తాత అప్పటికే నిద్రపోయాడు. అమ్మ మేలుకుంది. మర్నాడే సరేనంది.

"మీ బాపు ఊకనే గట్ల కనిపిస్తడు గని, మస్తు తెలివిరా," అనేది అమ్మ, దారం కొరుకుతూ. "దేవుళ్ళందరి ఎనక దాచి పంపిండు."

బాపు ఆ మాట విన్న ప్రతిసారీ చెప్పుల కోసం వెతుక్కునేవాడు. సిగ్గనుకునేవాళ్ళం.

ఇక ఆ పాట. అందులో ఆమె ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. వాన పడకముందే వస్తానన్నావు, పడి వెలిసింది కూడా, అంటుంది. రా, వచ్చాక నీకొక మాట చెప్పాలి, అంటుంది. ఆ మాట చెప్పబోతూ గొంతు పైకి లేపుతుంది. అక్కడ టేపు అయిపోతుంది. టప్.

చిన్నప్పుడు నాకు ఆ టప్ కూడా పాటలో భాగమే. అమ్మ ఆ పాట కూనిరాగం తీస్తే సరిగ్గా అక్కడే ఆపి, నాలుకతో టప్‌మనిపించి, జాకెట్టు తిప్పి రెండో చెయ్యి కుట్టేది. బాపు గడ్డం గీసుకుంటూ ఈల వేసినా అంతే, టప్‌మని బ్లేడు కడిగేవాడు. బడిలో పాటల పోటీకి నేనూ అదే పాడి, భావం ఒలికిస్తూ టప్ అన్నాను. "చివర ఆ చప్పుడేంది?" అన్నారు టీచరు. "పాట అయిపోయింది మేడం, ఏ పాటైనా అట్లనే గదా అయిపోయేది," అన్నాను. నాకు ప్రైజు రాలేదు. నిజాయితీకి ఈ దేశంలో ఎప్పుడూ రాదు.

ఆ చెప్పని మాట ఏమిటన్నది మా ఇంట్లో భోజనాల దగ్గర చర్చ. అమ్మ ఉద్దేశం: "అన్నం తిన్నవా అనడుగుతది. ఇంకేముంటది?" బాపు ఉద్దేశం: "వానొస్తుంటే గొడుగు తీస్కపోలేదేంది అంటది." నాకు మీసాలొచ్చాక నా ఉద్దేశం వేరు, దాన్ని ఇంట్లో చెప్పలేదు. ఒక బహదూర్‌పురా అమ్మాయికి మాత్రం చెప్పాను. కాలేజీ బస్సులో మేమిద్దరం ఒకే ఇయర్‌ఫోన్ పంచుకునేవాళ్ళం, చెవికొకటి. చాలా రోజుల తర్వాత తెలిసింది, కొన్ని పాటల్లో పాడేది ఒక చెవిలో, వాయించేది ఇంకో చెవిలో వస్తుందని. అంటే నేను డప్పులు వింటుంటే ఆమె ప్రేమ వింటోంది. ఒకే పాట ఇద్దరికీ ఇష్టమని సంబరపడ్డాం కానీ, విన్నది రెండు పాటలు. ఆమె ఇప్పుడు వేరే అతనితో బ్లూటూత్ వాడుతోంది. సుఖంగా ఉండనీ.

అసలు విషయానికొస్తాను. మొన్న ఎండాకాలం టేప్‌రికార్డర్ గొంతు బొంగురుపోయింది. అమ్మ ఊరికే అంది, బాగు చేయించాలి అని. చేయించాలి అంది, చెయ్యాలి అనలేదు. ఆమె మార్కెట్‌కు వెళ్ళి వచ్చేసరికి బాపు దాన్ని విప్పేశాడు.

"బస్సు గేర్‌బాక్సు విప్పి బిగించినోన్ని. గిదేంది, డబ్బా!" అన్నాడు నాతో, స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకుని.

బిగించి మీట నొక్కాడు. అది క్యాసెట్‌ను పాడలేదు, తింది. రీలంతా లోపలికి లాక్కుని నమిలింది. బాపు బస్సుల అలవాటు కొద్దీ గట్టిగా లాగాడు. రెండో వైపు చివరి భాగం ముక్కలుగా చేతికొచ్చింది. నూడుల్స్‌లా ఉందని నేనన్నాను. అది అనాల్సిన సమయం కాదు.

అప్పుడే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. కూరగాయల సంచి కింద పెట్టింది. రీలు చూసింది. బాపును చూసింది.

"నీకెవరు ఇప్పుమన్నరు?" అంది. అంతే. యుద్ధం ముగిసింది.

తర్వాత ఆమె అలగలేదు, ఏడవలేదు, వంట మానలేదు. కూనిరాగం మానేసింది. మా ఇంట్లో అదొకటి వెనకాల వినపడుతూ ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. ఫ్యాను ఆగిపోతే తప్ప దాని చప్పుడు తెలియదు కదా, అలా. మిషను కటకట ఒక్కటే. బాపు గడ్డం గీసుకుంటూ ఈల మొదలుపెట్టి, పక్క గదిలోంచి ఏ చప్పుడూ రాకపోతే, మధ్యలో ఆపి మూతి కడుక్కునేవాడు. కొన్నాళ్ళకు గీసుకోవడమే మానేశాడు. గడ్డంతో బాపును చూసి డిపోలో అందరూ ఆరోగ్యం అడిగారట.

ఒక ఆదివారం నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. "అరేయ్, గా ఫోన్ల ఎతుకు. గా పాట."

"పేరు తెల్వదు, పాడినామె తెల్వదు. ఏమని ఎతకాలె?"

"పాడితే చెప్తదంట గదా ఫోను!"

నిజమే, చెప్తుంది. నేను పాడితే సబ్బు ప్రకటన చూపించింది. బాపు ఫోన్ దగ్గరికి తీసుకుని, కళ్ళు మూసుకుని, ప్రాణం పెట్టి పాడాడు. టప్ కూడా అన్నాడు. చుట్టూ శబ్దం ఎక్కువగా ఉంది, నిశ్శబ్దంగా ఉన్న చోట ప్రయత్నించండి, అంది ఫోను.

"షాపు ఉంటదేమో చూద్దాం నడువ్," అన్నాడు బాపు.

షాపు ఉంది. ఫ్లైఓవర్ దిగగానే, దబీర్‌పురా స్టేషన్ దగ్గర. క్యాసెట్ల బదులు మొబైల్ కవర్లు వేలాడుతున్నాయి. రికార్డింగ్ చేసిన చోటే ఇప్పుడు రింగ్‌టోన్లు కత్తిరిస్తారు. గల్లాపెట్టె దగ్గర తెల్ల గడ్డం పెద్దాయన. బాపును గుర్తుపట్టలేదు, బాపు కూడా ఆయన్ని గుర్తుపట్టలేదు. ఇద్దరూ గుర్తుపట్టినట్టు కావలించుకున్నారు.

బాపు పాట పాడాడు. ఈసారి శబ్దం ఎక్కువ అని ఎవరూ అనలేదు. పెద్దాయన ముఖం వెలిగింది.

"అరే, యే తో మేరా పసంద్ కా గానా హై! మస్తు మందికి ఏసిన గిది, కొసరు."

"కొసరా?" అన్నాను నేను.

"హౌ. లిస్టు పాటలు అయిపోయినంక టేపు మిగులుతది గదా బేటా. ఖాళీ టేపు చేతిల పెడితే బర్కత్ ఉండదు, యాపారం కలిసిరాదు. గందుకే నాకు నచ్చింది ఒకటి ఏసి ఇస్తుండె, ఎంత పడితే అంత."

నేను బాపు వైపు తిరిగాను. బాపు ఒక పిల్లి బొమ్మ ఉన్న మొబైల్ కవర్‌ను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"బాపూ."

"ఊఁ."

"దేవుళ్ళందరి ఎనక దాచింది…"

"నేను రాసింది దేవుళ్ళనే," అన్నాడు, పిల్లిని చూస్తూనే. "మీ తాత ఇంటడని రాసిన. నాకేం ఎరుక గీయన గిట్ల ఏసిండని? పెండ్లి ఖాయమైనంక మీ అమ్మ సంబురంగ చెప్పింది, నువ్వు పంపిన పాట, నువ్వు పంపిన పాట అని. అప్పుడు ఏమని చెప్పాలె?"

అంటే మా అమ్మ సరేనన్నది ఒక దుకాణదారు అభిరుచికి. కూరగాయల మీద కొత్తిమీర కట్ట విసిరినట్టు వచ్చిన పాట మీద మా సంసారం నిలబడింది. ఇంత తెలిశాక మనిషన్నవాడు అక్కడ కూలబడాలి. కూర్చోవడానికి స్టూలు ఒక్కటే ఉంది, దాని మీద ఛార్జర్ల డబ్బా ఉంది. నిలబడే ఉన్నాను.

పెద్దాయన పాత పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టుకున్నాడు. వెతికి, స్పీకర్‌లో పెట్టాడు. అదే హార్మోనియం. వాన పడకముందే వస్తానన్నావు. పడి వెలిసింది. రా, వచ్చాక నీకొక మాట చెప్పాలి… నేనూ బాపూ ఇద్దరం అలవాటుగా టప్ అన్నాం.

పాట ఆగలేదు. పుట్టినప్పటి నుంచి ఎదురుచూస్తున్న మాట అది. అన్నమా, గొడుగా, నేను అనుకున్నదా?

వచ్చిన దారినే తిరిగి పో, అంది ఆమె. ఇక ఈ తలుపు తీయను.

తర్వాత డోలక్. తర్వాత అదే మాట మళ్ళీ, ఇంకా గట్టిగా. ఆవిడకు అనుమానమేమీ లేదు.

బాపు కవర్ కింద పెట్టాడు. "భాయ్, బంద్ చెయ్యి," అన్నాడు. జేబులోంచి డబ్బులు తీశాడు. "గాడికే కట్ చేసి ఇయ్యి. 'మాట చెప్పాలె' కాడికి."

"పూరా గానా తీస్కో సాబ్, ఫ్రీ."

"నక్కో భాయ్. మా ఇంట్ల గాడికే ఉంటది."

పెద్దాయన కత్తిరించాడు. బాపు విన్నాడు. తృప్తి కలగలేదు. "టప్ రాలే."

"గది నేనెక్కడికెల్లి తేవాలె?" అన్నాడు పెద్దాయన, నిజంగానే బాధపడుతూ. చివరికి మైకు బాపు నోటి దగ్గర పెట్టారు. బాపు గొంతు సవరించుకుని, నాలుక తడుపుకుని, ఒక్కసారి టప్‌మన్నాడు. మొదటిసారే సరిగ్గా వచ్చింది. ముప్పై ఏళ్ళ సాధన.

వచ్చేప్పుడు స్కూటర్ మీద, "మీ అమ్మకు చెప్పకు," అన్నాడు.

"ఏది? కొసరా, తలుపా?"

"ముందుగల బ్రేకు చూస్కో," అన్నాడు.

ఇంట్లో ఫోన్ కుట్టుమిషను మీద పెట్టి పాట మొదలుపెట్టాను. అమ్మ తలెత్తలేదు. కానీ కాలు పెడల్ మీద ఆగింది. హారతులేవీ లేకుండా నేరుగా ఈ పాట రావడం ఆమెకు కొత్త. వాన వెలిసే చోటుకు పెదవులు కదిలాయి. చివర టప్. ఆమె ముఖం చిట్లించి, వెనక్కి జరిపించి, మళ్ళీ వింది.

"పాట మనదే," అంది. "గీ టప్ మాత్రం మీ బాపుది."

గుమ్మంలో నిలబడ్డ బాపు ఇక ఉండబట్టలేకపోయాడు. "గా టప్ ఒక్కటే నాది," అన్నాడు. "పాట నేను రాయలే. షాపాయన కొసరేసిండు. చీటీల నేను రాసినయన్నీ దేవుని పాటలే."

చెప్పులు పక్కనే ఉన్నాయి, వెతుక్కోలేదు. అమ్మ అతన్ని చూసింది, పెరిగిన గడ్డం చూసింది.

"మరి రోజూ గడ్డం గీస్కుంట ఎందుకు పాడినవ్?"

"నువ్వు పాడుతుంటివి గదా. వచ్చింది."

అమ్మ సూదిలోకి దారం ఎక్కించింది. ఒకసారి తప్పింది, రెండోసారి ఎక్కింది. "పోనీలే," అంది. "మార్కెట్ల గూడ కొన్నదానికంటె కొసరుదే మంచిగుంటది." కాసేపటికి మిషను కదిలింది, వెనకాలే కూనిరాగం. బాపు వెంటనే గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు, ఈ అవకాశం మళ్ళీ రాదన్నట్టు.

పాట టప్ దాకా వెళ్ళాక అమ్మ గట్టిగా అడిగింది. "అయితే గాడనే ఎందుకు ఆపిండట? కొసరేసేటోడు ఇంకింత ఏస్తే ఏం పోతుండె?"

నురగ మూతితో బాపు అద్దంలోంచి నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. ఇంకింత వేసి ఉంటే పాటలో తలుపు మూసుకునేది, అమ్మ కాదనేది, తాత బంధువులను వేరే సంబంధం చూడమనేవాడు, ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. ప్రేమ గురించి, పాట గురించి, విధి గురించి ఒక గొప్ప మాట అనాల్సిన చోటు ఇదే.

"తొంభై నిమిషాల క్యాసెట్టే అడిగిన," అన్నాడు బాపు. "స్టాకు లేదు, అరవైదే ఉందన్నడు."