స్టీరింగుకు పావు చుట్టు

2002 నవంబరులో, చెరుకు ఆడే క్రషింగు సీజను ఇంకో పది రోజుల్లో మొదలవుతుందనగా, బాన్సువాడ దగ్గర నేను పనిచేసే చక్కెర కర్మాగారానికి నాలుగు కొత్త లారీలు వచ్చాయి. పవర్ స్టీరింగు ఉన్న బండ్లు మా యార్డులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అప్పటికి నేను ట్రాన్స్‌పోర్టు విభాగంలో ఫోర్‌మన్‌ను. 1991లో రెండో గ్రేడు మెకానిక్‌గా చేరి, పానా చేతపట్టుకునే అంతదూరం వచ్చినవాణ్ణి. ఫోర్‌మన్ అంటే మెకానిక్‌లకు పైన, ట్రాన్స్‌పోర్టు మేనేజరుకు కింద. ఏ బండి యార్డు గేటు దాటాలన్నా జాబ్ కార్డు మీద నా సంతకం పడాలి. ఆ సంతకమంటే నాకు మహా గర్వం. ఇప్పటికీ ఉంది, దాచుకోవడం దేనికి?

పాత లారీల్లో చెరుకు లోడుతో మలుపు తిప్పాలంటే డ్రైవరు సీటులోంచి సగం లేవాల్సి వచ్చేది. కొత్త బండ్లలో ఇంజనుతో తిరిగే ఒక పంపు, నూనెను ఒత్తిడితో స్టీరింగు బాక్సులోకి తోస్తుంది. తిప్పే శ్రమలో ఎక్కువ పాలు ఆ నూనెదే. ఒక్క వేలు పెడితే స్టీరింగు తిరుగుతుంది. డ్రైవర్లు ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఎక్కడా! మూడో రోజే సాయిలు మొహం మాడ్చుకుని నా టేబులు ముందు నిలబడ్డాడు.

సాయిలు మా డ్రైవర్లందరిలోకీ సీనియరు. డోంగ్లి, బిచ్కుంద వైపు చెరుకు తోటల దారులు ఇరవై ఏళ్లుగా అతని చేతిలో ఉన్నాయి. "గిదేంది సారూ! చేతికి ఏం తెలుస్తలేదు. బండి తోల్తున్ననా, గాలిల చెయ్యి ఊపుతున్ననా?" అన్నాడు.

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. రోడ్డు టైరును ఎటు నెడుతోందో, గుంత ఎంత లోతో, మట్టి ఎంత మెత్తనో, అదంతా స్టీరింగు లోంచి అరచేతికి తెలియాలి. మా పనిలో దాన్ని 'ఫీల్' అంటాం. డ్రైవర్లు 'బరువు' అనేవారు. నూనె సాయం ఎక్కువైతే ఆ కబురు చేతిదాకా రాదు.

స్టీరింగు బాక్సు మీద ఒక సర్దుబాటు స్క్రూ, దాన్ని కదలకుండా పట్టే నట్టు ఉంటాయి. లోపలి పళ్ల మధ్య సందు ఎంత ఉండాలో ఆ స్క్రూ చూసుకుంటుంది. దాన్ని పావు చుట్టు బిగిస్తే స్టీరింగు కాస్త గట్టిపడుతుంది. నేను బిగించాను. సాయిలు యార్డులో రెండు చక్కర్లు కొట్టి వచ్చి, "గిప్పుడు జర బరువొచ్చింది సారూ, మంచిగున్నది" అన్నాడు.

ఇంకేముంది, మిగతా ముగ్గురు డ్రైవర్లూ వరుస కట్టారు. ఒకరికి పావు చుట్టు, ఇంకొకరికి అంతకంటే కొంచెం తక్కువ. ఎవరి చేతికి ఎంత కావాలో వాళ్లు చెప్పడం, నేను బిగించడం. దర్జీ కొలత తీసినట్టు ఫోర్‌మన్ సారు స్టీరింగు కుట్టి ఇస్తాడని యార్డులో పేరొచ్చింది. నేను కూడా ఆ పేరు విని లోలోపల పొంగిపోయాను. సాయిలు మళ్లీ డిసెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి వచ్చాడు. చేతికి అలవాటైన బరువు కొన్నాళ్లకు తేలికనిపిస్తుంది కదా. వచ్చినప్పుడల్లా ఇంకో పావు చుట్టు. మొత్తం ముప్పావు. బండితో కంపెనీ ఇచ్చిన పుస్తకం తెరవలేదు, కొలవలేదు.

మూడోసారి బిగించిన రెండు రోజులకు, డోంగ్లి నుంచి నిండు లోడుతో వస్తున్న సాయిలు లారీ బిచ్కుంద దాటాక ఒక మలుపులో రోడ్డు దిగి వరి మడిలోకి పోయింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. చెరుకంతా బురద పాలైంది. పట్టపగలు, ఎదురుగా బండి లేదు, వాన లేదు. నిద్రపోయాడు లేదా తాగాడు అని మేనేజరు గారు అక్కడికక్కడే తేల్చేశారు. సాయిలును డ్యూటీలోంచి ఆపి, రెండు రోజుల్లో నన్ను రిపోర్టు ఇమ్మన్నారు. బండిలో లోపం లేదని నేను రాస్తే సాయిలు ఉద్యోగం పోతుంది. ఆ సంగతి మేనేజరు గారికీ, సాయిలుకూ, నాకూ తెలుసు.

సాయిలు వాంగ్మూలం రెండే మాటలు. "మలుపు తిప్పి చేతులు వదులు చేసిన సారూ, స్టీరింగు వాపసు రాలే. గుంజేటాళ్లకు రోడ్డు అయిపాయె."

తిప్పిన స్టీరింగు మలుపు అయ్యాక తనంత తాను మధ్యకు తిరిగి రావాలి. ఏ డ్రైవరైనా దాన్ని నమ్ముకునే చేతులు వదులు చేస్తాడు. తనిఖీ ఫారంలో ఏముందో అవన్నీ చూశాను. పంపుకు గేజి పెడితే ఒత్తిడి సరిగ్గా ఉంది. నూనె ఉంది. జాయింట్లలో ఊగిసలాట లేదు. ఫారం ప్రకారం బండి భేషుగ్గా ఉంది. స్క్రూ సంగతి అప్పుడు గుర్తు రాలేదంటే అబద్ధం చెప్పినట్టే. వచ్చింది. పావు చుట్టుకు కొంప మునుగుతుందా అనుకున్నాను. మూడు పావులు కలిపి లెక్కేసుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు. 'యాంత్రిక లోపం లేదు' అని చిత్తు ప్రతి రాసి పెట్టుకున్నాను.

రెండో రోజు పొద్దున సాయిలు గేటు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు. ఏడుస్తాడేమో, కాళ్లు పట్టుకుంటాడేమో అని భయపడ్డాను. అదేమీ లేదు. "సారూ, నా మాట రాయకుండ్రి. లోడు ఎక్కిచ్చి ఒక్కపారి మీరే తోలుండ్రి. మీ చేతికి ఏం తెలిస్తే గదే రాయుండ్రి" అన్నాడు.

సరేనన్నాను. అదే లారీకి చెరుకు ఎక్కించి, మహమ్మద్ నగర్ దారి పట్టాను. పక్క సీట్లో సాయిలు కూర్చున్నాడు. మొదటి మలుపులో బండి నెమ్మదిగా తిప్పి, చేతులు వదులు చేశాను. స్టీరింగు ఎక్కడ ఉందో అక్కడే ఉండిపోయింది.  గబుక్కున లాగి బండిని రోడ్డు మీదికి తెచ్చుకున్నాను. ఇంకో మలుపులోనూ అదే వరస. నా చేతికి బరువు బాగానే తెలుస్తోంది, కానీ అది రోడ్డు ఇచ్చిన బరువు కాదు, నా పానా ఇచ్చిన బరువు.

యార్డుకు తిరిగొచ్చి, మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాను. ముందు చక్రాలు జాకీల మీద లేపి, బాక్సును చక్రాలతో కలిపే డ్రాగ్ లింకు ఊడదీసి, స్టీరింగు అంచుకు స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి లాగాను. పుస్తకంలో చెప్పినదానికి మూడింతలు చూపించింది ముల్లు. పక్కన నిలబడ్డ సాయిలు కూడా చూశాడు. "అడిగింది నేనే గద సారూ" అన్నాడు మెల్లగా. అడగడం అతని హక్కు, కాదనడం నా ఉద్యోగం అని చెప్పాను.

చిత్తు ప్రతి చించేసి, 'సర్దుబాటు స్క్రూ పరిమితికి మించి బిగించబడింది. బిగించినది ఫోర్‌మన్' అని రాసి కింద సంతకం పెట్టాను. మేనేజరు గారు చదివి కళ్లజోడు తీసేశారు. ఈ ఏడాది నాకు సూపరింటెండెంటు పదవి రావాల్సి ఉందని గుర్తు చేశారు. "ఫోర్‌మన్ అని ఎందుకండీ, వర్క్‌షాపు పొరపాటు అని రాస్తే సరిపోదా?" అన్నారు. ఆయన మంచికే అన్నారు. వర్క్‌షాపుకు చేతులుండవు సార్, బిగించినవి నా చేతులే అన్నాను. నాకు మెమో వచ్చింది. పదోన్నతి మూడేళ్లు వెనక్కి పోయింది. సాయిలు మర్నాడే డ్యూటీ ఎక్కాడు.

కానీ డ్రైవర్లు అడిగిన బరువు అబద్ధం కాదు కదా! దాన్ని సరైన దారిలో ఇవ్వాలని పంతం పట్టాను. నాలుగు బాక్సులూ కాటా పెట్టి పుస్తకం ప్రకారం సరిచేశాను. తర్వాత కింద పడుకుని ముందు ఇరుసు చూశాను. సైకిలు ముందు ఫోర్కు కాస్త వాలుగా ఉంటుంది, అందుకే చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోతుంది. లారీ ఇరుసుకూ అలాంటి వాలు ఒకటి ఉంటుంది, క్యాస్టర్ అంటాం. అది నాలుగింటిలోనూ తక్కువగా ఉంది. ఇరుసుకూ దాని మీది స్ప్రింగు కట్టలకూ మధ్య ఏటవాలు ఉక్కు బిళ్లలు పెట్టి, పుస్తకం అనుమతించినంత వరకు వాలు పెంచాను. చక్రాలు తిరిగే కింగ్ పిన్నులకు గ్రీజు పట్టించాను. టైర్లలో గాలి సరిచేశాను.

మొదటి బండి సాయిలు చేతికే ఇచ్చాను. నిండు లోడుతో మొదటి మలుపులో అతను వేళ్లు విప్పి పెట్టాడు. స్టీరింగు అతని అరచేతుల్లోంచి జారుతూ మధ్యకు వచ్చి ఆగింది. "ఇగ దొరికింది సారూ, రోడ్డు దొరికింది!" అని కేక పెట్టాడు. ఆ సాయంత్రం నా అంత మొనగాడు జిల్లాలో లేడనిపించింది. అందులో కొంత నిజం కూడా ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

స్ప్రింగు కాటా నా టేబులు పక్కన మేకుకు వేలాడదీశాను. కాటా ముల్లు ఎంత చూపిందో జాబ్ కార్డు మీద రాయకుండా, లోడుతో నేను స్వయంగా తోలి చూడకుండా ఒక్క బండిని కూడా గేటు దాటనివ్వలేదు. 2009లో నేను ఉద్యోగం దిగిపోయేదాకా స్టీరింగు లోపంతో మా లారీ ఏదీ రోడ్డు దిగలేదు.

నేర్చుకున్నది ఒకటే. స్టీరింగులో ఏమీ తెలియడం లేదని డ్రైవరు చెబితే ఫోర్‌మన్ ముందు ఆ బండెక్కి రోడ్డు మీదికి పోవాలి, పానా సంగతి తర్వాత. సాయిలు మూడుసార్లు వచ్చి చెప్పాడు. ఆ మూడింట్లో ఒక్కసారైనా నేను బండెక్కి ఉంటే, అతను మడిలోకి పోయేవాడు కాదు.