బావ నోటి వంక చూడని ఏళ్లు

మొన్న మా సూరత్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి, మేం వయసులో ఉన్నప్పుడు పిచ్చిగా అభిమానించిన ఒక హిందీ పాటల బ్యాండు ఫోటో పెట్టి, కరోనా రెండో ఏడాదిలో వచ్చిన వాళ్ల కొత్త ఆల్బమే ఆ కష్టకాలంలో మనందరికీ ధైర్యమిచ్చిందని రాశాడు. దాని కింద అందరూ వరసగా దండాలు పెట్టారు. నేను మాత్రం ‘నాకు ఇవ్వలేదు’ అని రాశాను. దానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు, ఎవరెవరు చూసి ఊరుకున్నారో కూడా నాకు గుర్తుంది. ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయను. నా జీవితంలో వాళ్లకు నేను చేసిన ప్రచారం చాలు.

మేం ఉత్తర తెలంగాణ నుంచి సూరత్ వచ్చినవాళ్లం. అక్క పెళ్లయి బావ వెంట ముందే వచ్చేసింది, పది తప్పి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను రెండేళ్ల తర్వాత బావే పిలిపించుకుని తను పనిచేసే కార్ఖానాలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పెట్టించాడు. ఈ మాట ముందుగా చెప్పడం ఎందుకంటే, బావ నాకు చేసిన మేలు నేను మరిచిపోయానని తర్వాత చాలామంది అన్నారు. మరిచిపోలేదు. మేలు కూడా గుర్తుంది, మిగతావీ గుర్తున్నాయి.

సాంచాల కార్ఖానాలో పనిచేయనివాళ్లకు ఆ చప్పుడు ఎంత చెప్పినా అర్థం కాదు. పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని మేమందరం నోరు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాం. కొత్తగా వచ్చినవాడికి నూలు అతకడం ముందు వచ్చేది, ఎదుటివాడి పెదవులు చూసి మాట పోల్చుకోవడం తర్వాత వచ్చేది, అది వచ్చాకే వాణ్ణి మాలో ఒకడిగా లెక్కపెట్టేవాళ్లం. దూరంగా ఉన్న మనిషిని పిలవాలంటే తెగిన నూలు ఉండచుట్టి విసిరేవాళ్లం, అతను తలెత్తగానే చప్పుడు లేకుండా మాట మొదలయ్యేది. బావవి ఆరు సాంచాలు, ఎదురు వరసలో నావి ఆరు. మధ్యాహ్నం చాయ్ దుకాణంలో టేప్‌రికార్డరు మీద ఆ బ్యాండు పాటలు వినివచ్చి, సాయంత్రం దాకా ఆ పాటలే ఒకరికొకరం పాడుకునేవాళ్లం. వాళ్ల డ్రమ్ము దెబ్బకూ మా సాంచా దెబ్బకూ ఎక్కడో లంకె కుదిరేది. బావ కళ్లు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా పాడేవాడు. బావ గొంతు ఎంత ఘోరమైందో నాకు నాలుగేళ్ల దాకా తెలియదు, ఒక పెళ్లిలో పాడినప్పుడు తెలిసింది.

ఆ బ్యాండు మీద నాకున్న అభిమానం ఎలాంటిదో చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. వాళ్ల రెండో క్యాసెట్టులో చివరి పాట ఆఖరి చరణం మధ్యలోనే తెగిపోతుంది. రీలు సరిపోక కోసేశారని నా అనుమానం. దాని మీద క్యాసెట్ల కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. ఆరు నెలలకు ఒక అచ్చు కార్డు వచ్చింది, మీ అభిమానానికి కృతజ్ఞతలు మేడం, అని. నేను మగవాణ్ణన్న సంగతీ, నా చరణం సంగతీ అందులో లేవు.

అలాంటి బ్యాండు ఒకసారి సూరత్ వచ్చింది. వరాఛా వైపు ఒక మైదానంలో ఆదివారం సాయంత్రం పాటల కార్యక్రమం. మా కార్ఖానా యజమాని శేఠ్ కొడుకు దగ్గర బావ ఒక్క టిక్కెట్టు సంపాదించాడు. మా ఇద్దరికీ ఆ సాయంత్రం పని ఉంది. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది: ఒకడు బయటికి పోవలసి వస్తే పక్కవాడు తన సాంచాలతో పాటు వాడివీ చూసుకునేవాడు, మేస్త్రీకి తెలియనిచ్చేవాళ్లు కాదు. దాని మీద ఎవరూ ఒట్టు వేయలేదు, ఎక్కడా రాసుకోలేదు, కానీ దాన్ని తప్పిన మనిషిని నేనైతే చూడలేదు. కార్యక్రమం మధ్యలో విరామం ఉంటుందని తెలిసి, సగం బావ చూసి రావాలని, ఆ టిక్కెట్టు ముక్కతోనే మిగతా సగం నేను వెళ్లాలని అనుకున్నాం. రెండో సగం కావాలని పట్టుబట్టింది నేనే. తెగిపోయిన ఆ పాటను వాళ్లు చివర్లో పాడతారని నా నమ్మకం, ఆ చరణం మొత్తం ఒక్కసారైనా వినాలని నా కోరిక.

బావ విరామానికి రాలేదు. మొత్తం అయిపోయాక వచ్చాడు. అప్పటికి నేను పన్నెండు సాంచాల మధ్య పరుగెత్తి పరుగెత్తి, పోగులు తెగిన సంగతి చూసుకోక బావ సాంచా మీది బట్ట తాను ఒకటి, నా సాంచా మీది తాను ఒకటి పాడుచేసి నిలబడి ఉన్నాను. బావ ఎదుటికొచ్చి ఏదో చెప్పబోయాడు. నేను అతని నోటి వంక చూడలేదు. నేరుగా పోయి, బావ సాంచాలు వదిలి పాటలకు పోయాడని మేస్త్రీకి చెప్పేశాను. మేస్త్రీ అందరి ముందూ బావను నిలబెట్టి తిట్టాడు. అలా చెప్పకూడదని నాకు తెలుసు. కానీ మాట తప్పింది ముందు ఎవరు?

ఆనాటి నుంచి నేను బావతో మాట్లాడలేదు. మా కార్ఖానాలో ఒక మనిషితో మాట్లాడకపోవడమంటే అతని నోటి వంక చూడకపోవడమే. ఎదురెదురుగా నిలబడి, బావ మొహంలో కళ్ల దాకా చూసి అక్కడ ఆపేసేవాణ్ణి. అలా ఇరవై రెండేళ్లు. వడోద్ బస్తీలో మా రెండిళ్లూ ఒకే గల్లీలో ఎదురెదురుగా ఉండేవి, మధ్యలో ఒక ఆటో పట్టేంత దారి. అక్క ఆ దారి దాటుతూ మా ఇద్దరి మాటలూ మోసేది. గొడవైన రెండో రోజే వచ్చి, “మీ బావ తప్పైందన్నడు తమ్మీ, మనసుల పెట్టుకోకన్నడు,” అని చెప్పింది. ఆ మాట నా ముందుకొచ్చి చెప్పమను, అన్నాను. బావ రాలేదు. నేను మెత్తబడలేదు. తప్పు ఒప్పుకున్న మనిషిని క్షమించకుండా అట్టే పెట్టుకోవడంలో ఒక సుఖం ఉంటుంది, ఆ సుఖం నేను ఇరవై రెండేళ్లు అనుభవించాను. మంచి మాటలు మాత్రం అక్క ద్వారా వస్తూనే ఉండేవి. నా కూతురు కాలేజీలో చేరిన రోజు, మీ బావ ఇచ్చిండని ఒక పెన్ను తెచ్చిచ్చింది. నేను తీసుకున్నాను, కృతజ్ఞత మాత్రం చెప్పి పంపలేదు.

ఇక కరోనా. మొదటి ఏడాది సాంచాలు ఆగిపోయి, ఊళ్లకు పోయేవాళ్లు పోయి, వడోద్ సగం ఖాళీ అయింది. ఆ రోజుల్లో నా కష్టం మరొకటి ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ముప్ఫై ఏళ్ల సాంచాల పనికి నా చెవులు ఎప్పుడో మందగించాయి, నోరు చూసే నెట్టుకొస్తున్నాను. మాస్కులు రాగానే ఊరందరి నోళ్లూ ఒక్కసారిగా మూతపడ్డాయి. పాలవాడు ఏమంటున్నాడో తెలియదు, మందుల షాపువాడు ఏమంటున్నాడో తెలియదు. అన్నిటికీ తలూపడం అలవాటైంది.

రెండో ఏడాది వేసవిలో అక్కకు జ్వరం వచ్చి, ఆసుపత్రిలో చేర్చాం. నాలుగో రోజు నేను గేటు దగ్గర నిలబడి ఉంటే, తెల్లటి తొడుగుల్లో ఉన్న ఒకతను వచ్చి, మాస్కు వెనక నుంచి నాతో రెండు మాటలు చెప్పాడు. నేను తలూపాను. అతను నా భుజం మీద చేయి వేసి వెళ్లిపోయాడు. భుజం మీద చేయి ఎందుకు వేశాడా అని ఆలోచిస్తూ ఇంకా కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంటికి వచ్చాక ఫోనులో సంగతి తెలుసుకుని నా కూతురు కాగితం మీద రాసి చూపించింది. అక్క పోయింది. చితి దగ్గరికి ఇద్దరినే రానిచ్చారు. బావా నేనూ ఆ చివర ఒకరం ఈ చివర ఒకరం నిలబడి, మాట లేకుండానే తిరిగి వచ్చాం. నాకు ఏడుపు రాలేదు. ఎవరి మీదా కోపం కూడా రాలేదు, అదే నాకు వింతగా ఉండింది.

ఆ వారంలోనే మా ఇద్దరికీ కరోనా అని తేలి, ఎవరి ఇంట్లో వాళ్లం, ఎవరి పైగదిలో వాళ్లం ఉండిపోయాం. సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ ఆల్బమ్. మధ్యలో విడిపోయి, మళ్లీ కలిసి, ఇన్నేళ్లకు ఆ బ్యాండులోని నలుగురూ చేసిన కొత్త పాటలు. ఒకప్పుడైతే నేను పనికి సెలవు పెట్టి వినేవాణ్ణి. నా కూతురు ఫోనులో ఎక్కించి, చెవుల్లో పెట్టుకునేవి దానికి తగిలించి, అన్నం గిన్నెతో పాటు తలుపు దగ్గర పెట్టి వెళ్లింది. ఎనిమిది పాటలూ వరసగా విన్నాను. గోడ మీద బల్లిని చూస్తూ విన్నాను. ఒక పాట ఎప్పుడు అయిపోయి ఇంకొకటి ఎప్పుడు మొదలైందో చాలాచోట్ల తెలియలేదు. సాయంత్రం కూతురు తలుపు అవతల నిలబడి, “కైసా లగా నాన్నా?” అని చేత్తో సైగ చేస్తూ అడిగింది. బాగుందన్నాను. పిల్ల మొహం పాలిపోయింది. పుట్టినప్పటి నుంచి నా నోటి నుంచి ఏ వస్తువు గురించీ, ఏ వంకా పెట్టకుండా ఆ మాట విని ఎరగదు. ఆ రాత్రి డాక్టరుకు ఫోను చేసి, మా నాన్నకు ఒంట్లో ఏదో తేడాగా ఉందని చెప్పిందట.

మర్నాడు ఎండ చల్లబడ్డాక డాబా మీదికి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి ఉండచుట్టిన కాగితం ఒకటి వచ్చి నా ఒళ్లో పడింది. తలెత్తి చూస్తే ఎదురు డాబా మీద బావ. మనుషులెవరూ దగ్గర లేరు కనుక మాస్కు గడ్డం కిందికి లాగి ఉన్నాడు. తెల్ల గడ్డం, లోపలికి పోయిన దవడలు. ఎప్పటిలా కళ్ల దగ్గర చూపు ఆపేయబోయాను. కానీ నెలల తరబడి ఇంట్లోవాళ్లవి తప్ప నేను ఒక మనిషి నోరు చూడలేదు. చూపు తనంతట తనే కిందికి జారింది.

“ఇన్నవా?” అన్నాడు బావ, చప్పుడు లేకుండా.

“ఇన్న.”

“ఎట్లున్నయ్?”

బాగున్నయ్ అనబోయాను. “సప్పగున్నయ్. డ్రమ్ములు తప్ప ఏం లేవు,” అన్నాను.

“నీ చెవులు పోయినయ్ బామ్మర్దీ, గందుకే డ్రమ్ములే ఇనవడ్తయ్.”

“నీకేమినవడ్డయ్?”

“నాకు గవి గూడ ఇనవడలే.”

గల్లీలో కింద ఎవరూ తలెత్తి చూడలేదు, వాళ్లకు మా మాటల చప్పుడే లేదు. బావ గోడ పట్టుకుని, ఏదో పెద్ద నిర్ణయం చేసుకున్నట్టు మెడ సర్దుకున్నాడు.

“సరే, ఇయ్యాల చెప్తున్న. మేస్త్రీకి చెప్పినందుకు నువ్వు గప్పుడు మీ అక్కతోని మాఫీ అడిగి పంపినవ్ గదా. నేనే మనసు రాక ఊకున్న. పో, మాఫ్ చేసిన.”

“నేనెప్పుడడిగిన? అడిగింది నువ్వు!”

“నేనా? నేనేం తప్పు చేసిన్నని?”

తర్వాత బావ నెమ్మదిగా, తన కాళ్ల నొప్పులకని నేను ప్రతి చలికాలం నూనె పంపేవాణ్ణి కదా అని అడిగాడు. నేను ఎన్నడూ పంపలేదు. నా కూతురికి పెన్ను ఇచ్చావు కదా బావా అని నేను అడిగాను. బావ తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత ఇద్దరమూ ఒకేసారి, అక్క బట్టలు ఆరేయడానికి పైకి వచ్చే మెట్ల తలుపు వైపు చూశాం, ఆమె వస్తే నిలదీయడానికన్నట్టు.

మా ఇద్దరిలో ఎవరూ ఎవరికీ తప్పు ఒప్పుకోలేదు. మా బదులు ఆమె ఒప్పుకుని, మా బదులు పలకరించి, మేము విసిరిన కటువు మాటలను ఆ పది అడుగుల దారిలో ఎక్కడో వదిలేసి, వేరే మాటలు తీసుకుని అవతలి గడప ఎక్కేది. ఇరవై రెండేళ్లు నేను క్షమించకుండా పట్టుకు కూర్చున్న మనిషి నన్ను అడగనే లేదు. ఆ సాయంత్రం నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఎక్కడో మొద్దుబారిన చోట సూది గుచ్చినట్టు మాత్రం తెలిసింది.

ఇప్పుడు కార్ఖానాల్లో కుర్రవాళ్లు చెవుల్లో ఏవో పెట్టుకుని ఎవరి పాట వాళ్లు వింటూ పనిచేస్తున్నారు, ఒకరి నోటి వంక ఒకరు చూడవలసిన పని లేదు. మాట ఫోనులో పోతుంది, అన్నది అన్నట్టే పోతుంది, ఒక్క అక్షరం మారకుండా క్షణంలో చేరుతుంది. మధ్యలో దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు నడిచే మనిషి ఎవరూ లేరు. బావ, నేను ఇప్పుడు రోజూ సాయంత్రం కలిసి కూర్చుంటాం. రోజూ ఏదో ఒకదాని మీద తగువు పడతాం. నోటిదాకా ఒక కటువు మాట వచ్చినప్పుడు ఆగి, దీన్ని అక్క ఎలా మార్చి చెప్పేదా అని ఆలోచిస్తాను. చాలాసార్లు నాకేమీ తట్టదు.