బావిగట్టు మీది ముగ్గుచిప్ప

మా ఇంటి యజమానురాలు పోయి నేటికి పదిహేను రోజులు. ఆ వేళ తెల్లవారుజామున బావి గిలక చప్పుడు కాలేదు. నాంపల్లి స్టేషన్ నుంచి ఎన్ని రైళ్లు కూసినా కదలని దాన్ని, బావి బాగుపడ్డ నాటి నుంచి, పద్దెనిమిదేళ్లుగా ఆమె తిప్పే ఆ గిలక చప్పుడుకే లేస్తున్నాను. అది వినపడకపోవడమే మెలకువ తెప్పించింది. తలుపు తీసేసరికి ఆమె పెద్దకొడుకు గడప బయట నిలబడి ఉన్నాడు.

"టీచరమ్మా, అమ్మ లేస్తలేదు" అన్నాడు.

ఆరు వాటాల ఆ ఇంట్లో అందరికీ ఆమె పెద్దమ్మ. రాష్ట్రం ఏర్పడి రాజధాని మారిన ఏడు, మావారి ఉద్యోగం వెంట కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ దిగాం. నేను దగ్గర్లోని బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నా నోటికి పిల్లలే కాదు, పిల్లల తండ్రులూ జంకేవారు. అందుకు నాకు కాస్త గర్వంగానే ఉండేది. మనవలు పుట్టాక గానీ అది దిగలేదు.

పెద్దమ్మ గొంతు పెంచగా నేను వినలేదు. గిన్నెలు తోమే బండ పక్కన కరివేపాకు చెట్టు నాటి, దాని కొమ్మకు ఒక చెంబు తగిలించింది. ఆకు కోసుకోవాలంటే ముందు ఆ చెంబు పక్కకు తీయాలి. చేతిలోకి వచ్చిన చెంబును ఊరికే ఎలా పెడతాం? తోమిన నీళ్లు ముంచి చెట్టు మొదట్లో పోసేవాళ్లం. నీళ్లు పొయ్యమని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి నల్లా నీళ్లు వచ్చిన తరువాత పెరటి బావిని అందరూ మరిచారు. మరిచినా బాగుండేది, చెత్తకుండీ చేశారు. బూడిద, తొక్కలు, విరిగినవి, పగిలినవి అన్నీ అందులోకే. దోమలు పెరిగాయి. పెద్దకొడుకు ఒకనాడు మా అందరి ముందే తేల్చేశాడు.

"గా బావి పూడ్పిస్తనే అమ్మా. గాడ రెండు అర్రలు పడ్తయ్."

అర్రలంటే గదులు, అద్దెకివ్వడానికి. పెద్దమ్మ కాపురానికి వచ్చిననాటి నుంచి నీళ్లు చేదుకున్న బావి అది. ఆమె ముఖం పాలిపోవడం నేను చూశాను. కానీ గొంతు మామూలుగానే ఉంది. "ఎండాకాలం దాక ఆగు బిడ్డా. గప్పటికి సాఫ్ గాకుంటె నువ్వే పూడ్పియ్యి."

ఇక ఊరుకుంటానా? అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'ఇచ్చట చెత్త వేయరాదు' అని రాసి బావిగట్టుకు కట్టాను. వారం తిరక్కుండానే దాని కింద కుప్ప రెండింతలైంది.

పెద్దమ్మ అట్టను చూసి నవ్వింది. "నీ రాత మస్తుగున్నది టీచరమ్మా. కొత్తగ వచ్చినోళ్లకు గుడ ఎరుకైతున్నది, చెత్త గీడ ఏస్తరని."

"మరి చెప్పొద్దా పెద్దమ్మా? అందర్నీ నిలబెట్టి కడిగేస్తాను."

"నువ్వు చెవులకు చెప్తున్నవ్. చెత్త ఏసేది చెవులా? చేతులాయె."

తరువాత ఆమె మనుషులను పెట్టి బావిలోని పూడిక తీయించింది. అందులో దొరికినవాటిని కడిగి గట్టు మీద వరసగా పేర్చింది. పలక చెక్క, ఒంటి చెప్పు, మూడో వాటా వాళ్ల ఇత్తడి గరిటె. చివర్న ఏడు ఎర్రసిరా బుడ్లు.

"ఎవలయి వాళ్లు తీస్కోండ్రి, మంచిగనే ఉన్నయ్" అని చెప్పి, అన్నం చూసుకోవాలంటూ లోపలికి వెళ్లిపోయింది. ఎవరు ఏది తీస్తారో నిలబడి చూడలేదు. అదీ ఆమె మర్యాద.

మూడో వాటా కోడలు మాత్రం నిలబడి చూసింది. "టీచరమ్మా, మనింట్ల ఎర్రసిరాతోని రాసేటోళ్లు ఎవరున్నరు?"

నా కిటికీ బావి వైపుకే తెరుచుకుంటుంది. పేపర్లు దిద్దుతూ, ఖాళీ అయిన బుడ్డిని చూడకుండానే బయటికి విసిరే అలవాటు. అబిడ్స్ నుంచి ఏరి తెచ్చుకున్న సిరా అది. బుడ్లను కొంగులో వేసుకుని, అట్టను కూడా విప్పుకుని లోపలికి వచ్చాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ తిట్లు తినలేదని మావారు ఆశ్చర్యపోయారు.

మర్నాడు పొద్దున నా గడప ముందు ఒక కొబ్బరిచిప్ప, అందులో సగానికి ముగ్గుపిండి. చుట్టూ చూస్తే పెద్దమ్మ బావిగట్టు ఊడుస్తోంది. నా వైపు చూడలేదు. నల్లబల్ల మీద నా అక్షరాలు ముత్యాలు గానీ ముగ్గు నాకు చేతకాదు. ఆమె ఊడ్చిన గట్టు మీద రెండు గీతలు అడ్డంగా, రెండు నిలువుగా గీసి వచ్చాను. ఆ మర్నాడు చిప్ప మూడో వాటా ముందుంది. ఆ కోడలు నా గీతలు చూసి పడీపడీ నవ్వి, గట్టు నిండా ఎనిమిది రేకుల పద్మం వేసింది. ఇక నాలుగో వాటావాళ్లు ఊరుకుంటారా? తన చేత్తో వేసిన ముగ్గు మీద బూడిద పొయ్యడానికి ఏ ఆడదానికి చెయ్యి వస్తుంది? మగవాళ్లు సిగరెట్టు పీక పారేయబోయి, ముగ్గు చూసి వెనక్కి తగ్గడం నేను కిటికీలోంచి చాలాసార్లు చూశాను.

ఆ ఎండాకాలం నల్లా ఎండింది. ఆరు వాటాలూ బావి చుట్టూ చేరాయి. చూశావా అని కొడుకును ఒక్క మాట అనొచ్చు కదా? అనలేదు. "జర మెల్లగ చేదుండ్రి, అడుగు బురద లేస్తది" అంది, అంతే. రెండు అర్రల మాట అప్పటికి అణిగింది. పోయిందని మాత్రం అనుకోలేదు.

చావు జరిగిన ఇంట ముగ్గు పెట్టరు. అందుకే పన్నెండు రోజులూ బావిగట్టు బోసిగా ఉంది. పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎవరూ ఒక్క తొక్క కూడా వేయలేదు. నా భయం మరొకటి. పెద్దకొడుకు రోజూ వచ్చి, బావి చుట్టూ నడిచి, లోపలికి తొంగి చూసి వెళ్లేవాడు. అర్రలకు కొలతలు వేసుకుంటున్నాడనుకున్నాను. ఇప్పుడు ఆగమని చెప్పేవాళ్లు లేరు.

మొన్న, పదమూడో నాటి పొద్దున, తలుపు తీస్తే గడప ముందు చిప్ప ఉంది. పెద్దమ్మ ఎప్పుడూ సగమే పోసేది. ఇది అంచుల దాకా నిండి, సగం నేలపాలైంది. ఒలికిన పిండి తెల్లటి గీతలా వాకిలి దాటి బావి దాకా సాగింది. అందులో అక్కడక్కడా మగవాడి పెద్ద పాదముద్రలు. గీత చివర గుండు చేయించుకున్న తల ఒకటి బావిలోకి వంగి ఉంది. గిలక తిరుగుతోంది.