ఫైలుకు కుట్టిన సాక్ష్యం

పోలీసులకు కంప్యూటరు నేరాల దర్యాప్తు నేర్పే మహత్కార్యం మాస్టారి నెత్తిన పడడానికి కారణం ఆయన పాండిత్యం కాదు. పద్దెనిమిదేళ్లపాటు ఆ శాఖ ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు లాగిన అనుభవం. తరగతిలో ముప్పైమంది అధికారులు బెల్టులు వదులు చేసుకుని, ఆయన బోధను కళ్లు మూసుకుని ఆస్వాదించేవారు. మెలకువగా ఉండేది ఇద్దరే. ఒకాయన ఫోనులో పేకాడేవాడు. రెండోవాడు మాస్టారి సొంత బావమరిది. గోడ గడియారం మీద అతనికున్న శ్రద్ధ ఏ పాఠం మీదా ఉండేది కాదు.

"స్వాధీనం చేసుకున్న కంప్యూటరును ఏం చేయాలి?" అన్న పరీక్ష ప్రశ్నకు బావమరిది, "శుభ్రంగా తుడిచి, పనిచేస్తోందో లేదో ఆడించి చూడాలి" అని రాశాడు. మాస్టారు సున్నా చుట్టారు.

ఆ సాయంత్రం భార్య కంచం ఠపీమని పెట్టింది. "ఊళ్లోవాళ్లందర్నీ గట్టెక్కించారు. మా తమ్ముడి ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి నీతి పుట్టుకొచ్చిందా?"

అన్నం చల్లారేలోగా సున్నాకు ముందు ఎనిమిది చేరింది.

మూడు నెలలకు బావమరిది కొత్త ఇన్‌స్పెక్టరు హోదాలో, చంకన ఫైలుతో, అందులోని సాక్ష్యాన్ని పరీక్ష చేయించడానికి మాస్టారి గదికి విచ్చేశాడు. వెనకాలే ఒక నర్సు. ఎవడో ఆమెను నెలల తరబడి ఫోనులో బెదిరించాడు. ఆ మాటలన్నీ ఆమె ఒక మెమరీ కార్డులో దాచింది. తర్వాత ఫోను చెడిపోయింది. మిగిలింది ఆ కార్డే. అది పలికితే వాడు జైలుకు వెళతాడు. పలకకపోతే మళ్లీ ఆమె వీధి చివర నిలబడతాడు.

మాస్టారు ఫైలు తెరిచారు. కార్డు నడిమధ్యన చిల్లు. చిల్లులోంచి తెల్లదారం. దారం కొసన లక్క ముద్ర.

"ఇదేమిట్రా?"

"ఫైలుకు కుట్టాను బావా. ఊడిపోతే నా ఉద్యోగం ఊడదూ? సూది దిగి చావలేదు, మేకు కొట్టాల్సొచ్చింది."

"కాజా కుట్టి బొత్తాం కూడా పెట్టకపోయావా?"

"చిన్న చిల్లేగా! చుట్టూరా బాగానే ఉందిగా?" అని గొంతు తగ్గించాడు. "వచ్చేటప్పటికే పాడైపోయిందని రెండు ముక్కలు రాసిపడెయ్ బావా. అక్క మొహం చూసైనా."

"సార్, నా రికార్డింగులు వస్తాయా?" అంది నర్సు.

మాస్టారు బావమరిది మొహంలో పశ్చాత్తాపం కోసం వెతికారు. అక్కడ దొరికింది మీసం ఒక్కటే.

"రావమ్మా. ఈయన మేకు కొట్టాడు. ఈయనకు చదువొచ్చిందని దొంగ మార్కులేసింది నేను."

"బావా!"

నర్సు ఏడవలేదు. "అదే కాగితం మీద రాసివ్వండి. కోర్టులో అదైనా చూపిస్తా."

మాస్టారు రాశారు. చిల్లు కొలత, మేకు సంగతి, మార్కుల సంగతి, కింద సంతకం. బావమరిది అలవాటు కొద్దీ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టడానికి చెయ్యి చాపాడు.

నర్సు చటుక్కున లాక్కుంది. "ఇది నా దగ్గరే ఉండనివ్వండి సార్. మీరు కుట్టేస్తారు."