కారా, మూటల బండా?

ధర్మవరం పట్టు వ్యాపారి గంగాధరప్ప దగ్గర జమాల్ సాబ్ డ్రైవరు. నడిపేది స్టేషన్ వ్యాగన్: ముందు చూస్తే కారు, వెనక తలుపు తెరిస్తే చిన్నపాటి గది. ఎక్కాల్సింది చీరల మూటలైనా, ఎక్కేది ఎక్కువగా మనుషులే. అసలే కరువు. అనంతపురం దారిలో బిందె పట్టుకుని ఎవరు చెయ్యెత్తినా ఆపేవాడు. ఒళ్లు హూనమైపోయిందని విసుక్కుంటూనే ఆపేవాడు, పాడు అలవాటు.

అరవైల్లో ఒక వేసవి, మోటార్ల పిచ్చి ఉన్న పెద్దమనుషులు కొందరు ఎండిన చెరువులో కార్ల పందెం పెట్టారు. గంగాధరప్పకూ ఆ తిక్క పుట్టింది. తీరా పోతే అక్కడ పేచీ.

"ఎనక తలుపుండేది కారెట్లయితాదప్పా? మూటల బండి. కార్లతో కలపకూడదు," అన్నాడు ప్లీడరు రామదాసు.

"మనుషులు కూర్చునే సీట్లుండాయి కదా, ఇంకేం కావాల?" అన్నాడు గంగాధరప్ప.

నెత్తి మాడే ఎండలో ఎంతసేపని వాదిస్తారు? విసిగిపోయి సరే రానిమ్మన్నారు.

గంగాధరప్ప డ్రైవరును పక్కకు పిలిచాడు. "గెలిస్తే ఇది కారే, జమాలూ. ఎవుర్ని ఎక్కించుకున్నా నేనేమీ అనను. ఓడితే రేపే సీట్లు పీకించి మూటలే ఏస్తా."

పందెం మొదలైంది. ఏళ్లుగా బరువులు మోసిన బండి ఆ రోజు ఖాళీగా ఉండేసరికి ఉరికింది. రామదాసు కారు దుమ్ములో వెనకబడింది. జమాల్ సాబ్‌కు చాలా రోజుల తర్వాత సంతోషమేసింది.

చివరి చుట్టులో, చెలమలో నీళ్లు తోడుకుని హనుమంతమ్మ గట్టు మీద నిలబడి ఉంది. రోజూ ఎక్కే బండి కనబడింది, చెయ్యెత్తింది. అది పందెమని ఆమెకు ఎవరు చెప్పారు గనక! జమాల్ సాబ్ కాలు బ్రేకు మీద పడింది. ఆయనకు తెలివొచ్చేసరికి ఆమె ఎక్కి కూర్చుని బిందె సర్దుకుంటోంది. రామదాసు దాటిపోయాడు.

"ఏమప్పా, నీకు బుద్ధుండాదా?" అన్నాడు గంగాధరప్ప.

"నాకుండాదయ్యా. కాలికే లేదు."

మర్నాడు జమాల్ సాబే పానా పట్టి సీట్లు పీకాడు. మూటలు కిక్కిరిసిన బండితో అనంతపురం పోతుంటే హనుమంతమ్మ చెయ్యెత్తింది. ఆపి దిగాడు. ఆమె లోపలికి తొంగిచూసింది.

"సీట్లేవి సాబన్నా? నేను యాడ కూర్చోవాల?"

జమాల్ సాబ్ వెనక తలుపు మూశాడు.

"నిన్న నీకోసం ఆపకుండా పోయింటే, తల్లీ, దినామూ నీకోసం ఆపుతాంటి."