నొక్కి చూడని కీళ్లు

నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. ఎవరు తెరిచి చదివినా నాకు భయం లేదు, ఒక్క ఏడాది తప్ప. ఆ ఏడాది బరువు పదేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కాలవ లాకుల దగ్గర రోజూ నీటి మట్టం చూసి రాయడం నా ఉద్యోగం. జోరు వానలోనైనా మెట్లు దిగి, అంకె కళ్లారా చూశాకే రాసేవాణ్ణి. నేను రిటైరయిన ఏడాదే, నాగాయలంకలో, నా భార్యకు కీళ్లు వాచాయి. చేతుల మీద సోరియాసిస్ అంతకు ముందు నుంచే ఉంది. చర్మంతో పాటు కీళ్లకూ వచ్చే జబ్బని బందరులో డాక్టరు గారు చెప్పారు. అంటుకోదని నాకు రెండుసార్లు చెప్పారు. నా ముఖంలో ఏం చూశారో.

జబ్బు ఎంత ముదురుతోందో ఒక్క రక్తపరీక్షతో తేలదట. ప్రతి ఆదివారం కీలు కీలూ నొక్కి చూడాలి. నొప్పి ఉన్నవెన్ని, వాచినవెన్ని, తనకెలా ఉందో పదికి ఆమె వేసుకునే అంకె ఎంత, ఇవన్నీ ఒక పుస్తకంలో రాయమన్నారు. బస్సు కుదుపులు ఆమె తట్టుకోలేదు కాబట్టి నెలనెలా ఆ పుస్తకం నేనే తీసుకెళ్లి చూపించాలి. లెక్క తగ్గకపోతే గట్టి మందుకు మారుస్తామన్నారు.

మొదటి ఆదివారం ఆమె వేలు పట్టుకున్నాను. చర్మం మీది పొట్టు రాలి నా చేతికి అంటింది. వెళ్లి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. ఆ తర్వాత తాకలేదు. కుర్చీలోంచే చూసి రాశాను.

ఒక ఆదివారం ఆమె చేతులు చాపి కూర్చుంది.

“ఏవండీ, ఇవాళ కూడా నొక్కి చూడరా?”

“చూస్తే తెలుస్తోందిగా. వాపు తగ్గింది.”

“కాలవ నీళ్లయితే మెట్లు దిగి మరీ చూసేవారు. నేను కాలవపాటి కూడా చెయ్యనా?”

నవ్వుతూనే అంది. చేతులు పవిటలోకి లాక్కుంది.

వాచిన కీళ్లు ఐదు అని రాశాను. పోయిన వారం ఆరు రాశాను కనుక ఐదు. ఆమె వేయాల్సిన అంకె కూడా నేనే వేశాను. పుస్తకం చూసి డాక్టరు గారు మెచ్చుకున్నారు, పాత మాత్రలే కొనసాగించారు. ఏడాది తిరిగేసరికి ఆమె వేళ్లు వంకర్లు పోయాయి. కారు మాట్లాడి ఆమెను తీసుకెళ్లాను. లెక్క తగ్గుతోందనే మందు మార్చకుండా ఆగానని డాక్టరు గారు బాధపడుతుంటే, “మా ఆయన ప్రతి ఆదివారం చూసేవారండీ” అంది ఆమె. నమ్మి అందా? నన్ను కాచిందా? ఇప్పటికీ అడగలేదు.

ఇప్పుడు అన్నం కలిపి నేనే తినిపిస్తాను. ఇరుగుపొరుగు వాళ్లు నన్ను పొగుడుతుంటే ఆమె తల వంచుకుని తింటుంది. గట్టి మందుకు భయపడి తక్కువ రాశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. నా భార్య చేతిని ముట్టుకోవడానికి అసహ్యించుకున్నాను. ఈ మాట నా డైరీల్లో ఎక్కడా లేదు. మొదటిసారి రాశాను.